గింజ లేని కళం

ఓవర్సీరు పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడవస్తారు. మీరు కట్టిన వాటిలో మిమ్మల్ని బాగా కష్టపెట్టింది ఏదని అడుగుతారు. వాళ్లు వంతెననో, గిడ్డంగినో ఆశిస్తారు. ఆటాడుకునే ఒక చదును నేల అని నేను చెప్తే, మర్యాద తెలిసిన పిల్లలు కనక నవ్వరు. మనసులో మాత్రం ముసలాయనకి మతి కొంచెం జారిందనుకుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

నాకు చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు. గాలి ఎటు వీచింది, మట్టి బళ్లు ఎప్పుడు వచ్చాయి, మట్టం ఎంత తగ్గింది, ఇలాంటివే అందులో ఉంటాయి. ఎవరు ఏమన్నారో నేను ఎన్నడూ రాసుకోలేదు. కాబట్టి ఇక్కడ నేలను గురించిన సంగతులు డైరీలవి. మాటలు మాత్రం నా చెవుల్లో మిగిలినవి.

అవి పంతొమ్మిది వందల ఇరవైల చివరి సంవత్సరాలు. విరుదునగరంలో పత్తి ప్రెస్సులో కొంతకాలం చేసి, కోవిల్‌పట్టిలో ఒక నూలు మిల్లుకి కట్టడాల ఓవర్సీరుగా వచ్చాను. మా ఊరు ఎట్టయాపురం దారిలో ఒక నల్లరేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, మిల్లులో ఇంగ్లీషు. నా ఉద్యోగంలో సగం ఈ మూడింటి మధ్య అటూ ఇటూ మోయడమే.

మిల్లు వెనక బీడులో దొరలకి ఒక గోల్ఫ్ మైదానం ఉండేది. చిన్న తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ పోయి, దూరాన జెండా పాతిన గుంతలో వేయడం ఆ ఆట. మైదానంలో అలాంటి గుంతలు తొమ్మిది. గుంత చుట్టూ నున్నటి చదును నేల ఉండాలి. చల్లటి దేశాల్లో అక్కడ పచ్చిక పెంచి గ్రీన్ అంటారు. మాకు తాగే నీళ్లకే దిక్కు లేదు, పచ్చికకి ఎక్కడివి? ఇంజను గదిలో వాడి పారేసిన నూనెను ఇసుకలో కలిపి పరిచేవారు. దాన్ని బ్రౌన్ అనేవారు. మా ఆడి నెల, అంటే మీ ఆషాఢం, గాలికి ఇసుక లేచిపోయేది. ఎండలకి కింద ఉన్న రేగడి నేల చెయ్యి పట్టేంత వెడల్పున పగిలేది. బంతి గుంతలో పడే లోపల పగులులో పడేది. మధుర నుంచి ఏటా ఒక జట్టు పందేనికి వచ్చేది. ఆ ఏడు వాళ్ల కెప్టెను, మీ మైదానంలో ఆడటానికి కర్రతోబాటు పలుగు కూడా తెచ్చుకోవాలా అని అడిగాడట.

క్లబ్బు సెక్రటరీ మా మిల్లు ఇంజనీరే. ఎర్రటి మొహం, తక్కువ మాటలు, కోపం వస్తే మాత్రం చాలా మాటలు. ఆ పలుగు మాట ఆయనకి గుచ్చుకుంది. నన్ను పిలిచి, వచ్చే పందేనికి కనీసం ఒక్క బ్రౌన్ అయినా కొత్త పద్ధతిలో చేయాలనీ, అది నిలిస్తే తొమ్మిదీ మార్చడానికి కమిటీని ఒప్పిస్తాననీ చెప్పాడు. నాలుగో గుంతను ఎంచుకున్నాము. రేగడి తవ్వి తీసి, ఎర్ర మొరం పోసి నేల ఎత్తు చేయడం, చుట్టూ కాలవ తీయడం ఆయన ఆలోచన. పైపొర దేనితో చేయాలన్నది ఆయనకి తోచలేదు. నాకు తోచింది. కళం పూత పూయిద్దామన్నాను. మీరు కళ్లం అంటారు, మా వైపు కళం. మట్టి తడిపి, పొట్టు చల్లి, తొక్కించి, పేడతో అలికితే మా కళాలు అద్దంలా ఉంటాయి.

ఆ పనికి నేను పిలిపించింది మా పల్లె ఆవిడనే. వరసకి నాకు అక్క. కళం వేయడంలో ఆమె చేతికి మా చుట్టుపక్కల పేరు. వరసగా వానలు తప్పి, వాళ్లకున్న కాస్త చేను బీడు పడింది. మొగుడూ పెళ్లాలు ఇద్దరూ సిలోను తేయాకు తోటలకి పోవడానికి కంగాణికి మాట ఇచ్చేశారు. తోటలకి కూలీలను కూర్చి తీసుకుపోయే మేస్త్రీని కంగాణి అంటారు. పని మొదలైన నాడే ఆమె నాతో ఈ సంగతి చెప్పింది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలాఖరుకి బండి వస్తుంది, అప్పటికి ఇక్కడ నిలకడగా పని దొరికితే ఉంటాం, లేదంటే ఎక్కుతాం అంది. ఊరు వదలాలని వాళ్లకేమీ లేదు. మా బావయితే సముద్రం మాటెత్తితేనే లేచి అవతలికి పోయేవాడు.

ఈ మాట దొరకి చెప్పాను. తొమ్మిది బ్రౌన్లూ మారిస్తే, ఏడాది పొడుగునా వాటిని చూసుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి కదా అన్నాడు. అంతకు మించి మాట ఇవ్వలేదు. ఇవ్వడం ఆయన చేతిలో లేదు.

మార్గళి, అంటే ధనుర్మాసం, చలిలో పని సాగింది. మొరం పరిచి దిమ్మిస కొట్టేదాకా నేను దగ్గరుండి చూశాను. ఇంతలో విరుదునగరం ప్రెస్సులో గోడ ఒకటి ఒరిగిందని కబురొస్తే వెళ్లాను. తిరిగి వచ్చేసరికి నేల సిద్ధంగా ఉంది. అంత అందమైన కళం నేను మళ్లీ చూడలేదు. నడిమి ఎత్తుగా, చుట్టూ సమంగా వాలుగా, బోర్లించిన పళ్లెంలా ఉంది. సరిగ్గా ఆ ఎత్తు మీద జెండా గుంత. ఈశాన్యం మూల పేడముద్ద పెట్టి గరిక గుచ్చింది. అది పిళ్లయారు, మీ వినాయకుడు.

దొర వచ్చి బంతి పెట్టి మెల్లగా కొట్టాడు. గుంత అంచుదాకా పోయి, పక్కకి తిరిగి, దొర్లుకుంటూ కాలవలో పడింది. ఇంకో పక్క నుంచి కొట్టాడు. అదీ కాలవలోనే. ఎటు నుంచి కొట్టినా అంతే. ఆయనకి చాలా మాటలు వచ్చాయి. వాటిని నేను తెలుగులోకి మార్చలేదు.

ఆమె తప్పు ఏముంది? కళం నడిమి నిలిపిన కొయ్య చుట్టూ ఎడ్లు తిరుగుతాయి. కొయ్య ఉన్న చోటు ఎత్తుగా ఉండాలి, నీళ్లు బయటికి పోవాలి. నడిమి గుంతనీ, అందులో నిలబెట్టిన కర్రనీ చూసి మా వైపు ఏ చేయి అయినా ఆ నేల అలాగే చేస్తుంది. చెప్పకుండా పోయింది నేను. నీళ్లు పోవాలి గాని బంతి నిలవాలని ఇప్పుడు విడమర్చి చెప్పాను. ఆమె వంగి కాలవలోని బంతి తీసి చూసింది.

“రెండూ పారేవే కదా తమ్ముడూ. ఒకటి పోవాల, ఇంకొకటి నిలవాల అంటే, నేలకి ఎట్ట తెలుస్తాది?”

నేను ఈ మాట దొరకి మార్చి చెప్పాను. ఆయన కోపం అక్కడితో ఆగింది. ఇది మంచి ప్రశ్న అని, మట్టిలో కూర్చుని కర్రతో గీయడం మొదలుపెట్టాడు. ముగ్గురం మధ్యాహ్నందాకా గీసి చెరిపాము. చివరికి ఒక్క పక్కకే అతి తక్కువ వాలు, మిగతా మూడు పక్కలా చేతి మందాన అంచు అని తేలింది. గుంత నడిమి నుంచి తప్పించి కింది వైపుకి తెచ్చాము. చూసి ఆమె, ఇది చేట కదా అంది. నిజమే, పెద్ద చేటలాగే ఉంది. పొట్టు ముందుకి జారుతుంది, గింజ వెనక నిలుస్తుంది. కొయ్య నడిమి లేని కళం కళమేనా అని గొణిగింది గాని, పూత మొత్తం గీకించి మళ్లీ వేసింది. ఈసారి బంతి నిలిచింది.

ఒక్క పట్టు మాత్రం వదల్లేదు. కళం మీద చెప్పుకాలు పెట్టరాదంది. దొరల బూట్లకి కింద మేకులు ఉంటాయి, అవి పూతను చిల్లులు పొడుస్తాయి కనక సెక్రటరీ దొర వెంటనే ఒప్పుకున్నాడు. ఆమెకి అది ఆచారం, ఆయనకి మరమ్మతు తప్పడం. ఇద్దరికీ కుదిరింది. అలా మా క్లబ్బులో పెద్ద పెద్ద దొరలు నాలుగో బ్రౌన్ అంచున బూట్లు విప్పి, మేజోళ్లతో నిలబడి ఆడేవారు. ఒకాయన మేజోడుకి బొటనవేలి దగ్గర చిల్లు ఉండటం జిల్లా అంతా తెలిసింది.

మా పల్లెలో మాత్రం నవ్వులాట సాగింది. ఆమె పక్క చేను ఆసామి ఒకడు ఉండేవాడు. నోటి దురుసు మనిషి. దారిన పోతూ ఆమెను ఎప్పుడు చూసినా ఒకటే మాట.

“ఏమి వదినా, గింజ లేని కళం వేసినావంటనే. గాలి తూర్పారబడతావా?”

ఆమె చీపురు అందుకునేది. అలికిన నేల మళ్లీ చిమ్మేది.

తై నెల వచ్చింది. సజ్జ, మా వైపు కంబు అంటారు, ఆ ఏడు ఏదో కొంత పండింది. కంకులు కోసి కుప్పలేసిన సమయంలో, పందెం ఇంకా రెండు రోజులుందనగా, కాలం కాని వాన పడింది. రేగడిలో వేసిన పల్లె కళాలన్నీ బురదయ్యాయి. ఎడ్లు దిగితే మోకాలి లోతు. మైదానంలో పాత బ్రౌన్ల ఇసుక కొట్టుకుపోయి, నూనె నీళ్ల మీద తేలింది. నాలుగోది మాత్రం వాన వెలిసిన పూటకే ఆరింది. కింద దొర మొరం, పైన ఆమె పూత. ఏ ఒక్కటి లేకపోయినా నిలిచేది కాదు.

పందెం నాడు తెల్లవారి నేను మైదానానికి వెళ్లాను. ఆకాశంలో మళ్లీ మబ్బు కమ్ముతోంది. దూరం నుంచే ఎడ్లను అదిలించే గొంతు వినిపించింది. అది మా బావ గొంతు. నాలుగో బ్రౌన్ నిండా కంబు కంకులు పరిచి ఉన్నాయి. జెండా తీసి పక్కన పెట్టి, గుంతలో మోటు కొయ్య దించి, దాని చుట్టూ ఎడ్లను తిప్పుతున్నారు. గుంత నడిమి లేదు కనక ఎడ్లు ఒక పక్క కాలవలో కాలు పెట్టబోయి, ఇంకో పక్క సగం కళం వదిలేసి తిరుగుతున్నాయి. కొయ్య దగ్గర ఆమె పంగల కర్రతో, మా వైపు పలుగొయ్య అంటారు, గడ్డి తిరగేస్తోంది. కాలవ అవతల వేపచెట్టు కింద ఒక రేకుపెట్టె, తాడుతో కట్టి ఉంది. కంగాణి బండి ఆ సాయంత్రమే ఎట్టయాపురం రోడ్డు మీద వస్తుందని నాకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

ఇది ఏమి దినమో తెలుసునా అక్కా అని అడిగాను.

“తెలుసు తమ్ముడూ. దొరలు ఆడే దినం.”

“మరి ఇదేమిటి? ఎవరిది ఈ కంబు?”

ఆమె గడ్డి తిరగేస్తూనే కళ్లతో చూపించింది. మూల నిలబడి తల వంచుకుని కంకులు ఎగదోస్తున్నది ఆ నోటి దురుసు ఆసామి. కుప్పలో కంకులు అప్పుడే మొలకలెత్తుతున్నాయట. ఇంకో వాన పడితే ఏడాది తిండి పోయినట్టే. తెల్లవారకముందే వచ్చి కళం అడిగాడట.

“వాన మొగం పెట్టినప్పుడు కళం అడిగినోనికి లేదనే వాడుక మనకి ఉండాదా? నువ్వే చెప్పు.”

లేదు. మా పల్లెల్లో పగవాడు అడిగినా లేదనరు. ఆమెకి తన పని పోతుందని తెలియక కాదు. రేకుపెట్టె అందుకే కట్టి తెచ్చింది.

నేను ఓవర్సీరుని. ఎడ్లను తోలించి కంకులు ఎత్తించవలసిన మనిషిని. ఆ మాట చెప్పడానికే ముందుకి అడుగు వేశాను. కాలవ దాటి చూసుకుంటే నా చెప్పులు ఒడ్డున ఉన్నాయి. ఎప్పుడు విప్పానో నాకు తెలియదు. చెప్పులు విడిచి కళంలో దిగాక ఇక ఎవరిని తోలతాను? ఇంకో పలుగొయ్య ఉందా అని అడిగాను.

సెక్రటరీ దొర వచ్చేసరికి నా పంచె నిండా పొట్టు. ఆయన కాలవ ఒడ్డున నిలబడి ముందు ఎడ్లను చూశాడు, తర్వాత కొయ్య దిగిన తన గుంతను చూశాడు, తర్వాత నన్ను. నేను దిగివచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ ఆసామి ఎగతాళి సంగతి కూడా చెప్పాను. ఆయన మొహం ఇంకా ఎర్రబడింది. మబ్బు వైపు చూశాడు.

ఎంతసేపట్లో అవుతుందో అడగమన్నాడు. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల అంది ఆమె. తన నాయన పొలంలో కూడా ఎండుగడ్డి మీదికి వాన వచ్చేదని ఆయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు. వెంటనే గొంతు పెంచి, ఈ నేల మీద ఒక్క గింజ మిగిలినా ఆ ఎడ్లతోబాటు నన్నూ కొయ్యకి కట్టేస్తానన్నాడు. ఇది మాత్రం తెలుగులోకి మార్చాను. ఆమె నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ రోజు మధుర జట్టుకి ఒక కొత్త మర్యాద చెప్పారు. మా మైదానంలో అతిథులు అయిదో గుంతతో మొదలుపెట్టి నాలుగోదానితో ముగిస్తారని. వాళ్లు నమ్మారో లేదో గాని, అలాగే ఆడారు. పాత బ్రౌన్ల దగ్గర బురదలో పడుతూ లేస్తూ, నూనె మరకల బట్టలతో, పొద్దు వాలాక నాలుగోదానికి చేరారు. అప్పటికి కంబు బస్తాలకెత్తి బండి మీద వెళ్లిపోయింది. నేల చిమ్మి ఉంది. జెండా తిరిగి గుంతలో ఉంది. అతిథులు బూట్లు విప్పి దిగి, నేలను చేత్తో తడిమి చూశారు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. చివరి దెబ్బ మధుర కెప్టెనుది, పలుగు మాట అన్నాయనది. దూరం ఎక్కువ లేదు, తప్పితే మాత్రం ఒక్క దెబ్బ తేడాతో ఓటమి.

బంతి గీత గీసినట్టు గుంత వైపు పోయింది. అంచున ఏదో తగిలి, కొంచెం ఎగిరి, పక్కకి తప్పుకుని నిలబడింది.

వేపచెట్టు కింద పెట్టె మీద కూర్చున్న మా బావ లేచి నిలబడ్డాడు. కెప్టెను వంగి వేళ్లతో ఒకటి తీశాడు. కంబు కంకి తునక, గోరంత. ఇదేమిటని అడిగాడు. మా కమిటీ సభ్యులు ఇద్దరు ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కనపడుతుంది. సెక్రటరీ దొర దాచలేదు. పొద్దున ఇక్కడ ధాన్యం తొక్కించారు, వాన వస్తుందని, అన్నాడు.

కెప్టెను దాన్ని అరచేతిలో నలిపి, పొట్టు ఊది, మిగిలిన గింజల్ని చూశాడు. కాకి వల్ల ఓడాను, కుక్క వల్ల ఓడాను, అన్నం వల్ల ఓడటం ఇదే మొదటిసారి అన్నాడు. గింజలు నోట్లో వేసుకున్నాడు. తర్వాత తక్కిన జట్టును పిలిచి, పొద్దున ఎడ్లు తిరిగిన నేల ఇదట, మన బ్రౌన్ల మీద పిల్లి నడిచినా గుర్తు పడుతుంది అన్నాడు.

నవ్వులతో అది తేలిపోలేదు. కమిటీ వరండాలో కూర్చుంది. ఆమెను పంపేయాలని ఇద్దరు గట్టిగా పట్టుపట్టారు. అతిథుల ముందు పరువు పోయిందనీ, ఇవాళ కంబు అయితే రేపు గొర్రెలనీ వాళ్ల వాదన. అది పూర్తిగా తప్పని నేను అనను. మెట్ల కింద నిలబడి వింటున్నాను. అక్కడి నుంచి రోడ్డు కనపడుతుంది. గూడుబండి ఒకటి వచ్చి ఆగింది. కంగాణి దిగి చుట్ట వెలిగించాడు. వేపచెట్టు కింద మా బావ పెట్టె తాడు బిగించి భుజానికెత్తాడు. ఆమె చీపురు చెట్టుకి ఆనించి, పిళ్లయారు మూలకి పోయి దండం పెట్టింది.

వరండాలో సెక్రటరీ దొర గొంతు వినపడింది. ఎనిమిది బ్రౌన్లు వానకి చచ్చాయి, ఒకటి వానకీ ఎడ్లకీ కూడా బతికింది, మీకు ఏవి కావాలో తేల్చండి అన్నాడు. కుర్చీలు కదిలిన చప్పుడైంది. ఆయన మెట్లు దిగివచ్చి నాతో ఒక్కటే అన్నాడు. రేపు పొద్దున మూడో బ్రౌన్ తవ్వాలి, ఆవిడను పెందలాడే రమ్మని చెప్పు.

నా జీవితంలో నేను పంచె ఎగగట్టి పరుగెత్తింది ఆ ఒక్కసారే. వాళ్లు రోడ్డెక్కుతుండగా అందుకున్నాను. ఊపిరి ఆడక మాట రాలేదు. మూడు వేళ్లు చూపించి, తవ్వుతున్నట్టు చేతులాడించాను. ఆమెకి అర్థమైంది. మా బావ పెట్టె దించి దాని మీదే కూలబడ్డాడు. కంగాణి చుట్ట పారేసి, మీకు సముద్రం రాసిపెట్టి లేదు పొండి అని బండెక్కాడు. వేరే పల్లెల వాళ్లు అందులో ఉన్నారు. వాళ్లు వీళ్లిద్దరినీ చూసిన తీరు తలుచుకుంటే, నా ఆ సాయంత్రపు సంతోషం పూర్తిగా సంతోషం కాదు.

మర్నాడు దొర చెప్పగా క్లబ్బు బోర్డు మీద ఒక నిబంధన నేనే రాశాను. తై, మాసి నెలల్లో నాలుగో బ్రౌన్ మీద ధాన్యం ఉన్నట్లయితే, బంతి కాలవ దాటిన పిమ్మట ఇంకో రెండు దెబ్బలు లెక్కవేసుకుని ఆటగాడు ముందుకు సాగవలెను. కొత్తగా వచ్చిన దొరలు దాన్ని చదివి వేళాకోళమనుకునేవారు. తై నెలలో నిజం తెలిసేది.

పిల్లలూ, మీరు మట్టాలు సరిగ్గా పెట్టండి, అది చాలా అవసరం. కాని మీరు గీసిన నేల మీదికి ఎవరు ఏం తెచ్చి పరుస్తారో గీతల్లో ఉండదు. నాకు తెలిసింది అంతే.

ఆ మైదానం ఇప్పుడు లేదు. నేను మిల్లు వదిలేదాకా మాత్రం ఆ రేకుపెట్టె నాలుగో బ్రౌన్ అంచున, కాలవకి లోపలి వైపున ఉండేది. జెండాలూ చీపుర్లూ అందులో పెట్టేవాళ్లు. మూత సొట్టపడి, తుప్పుపట్టి, తాళం కూడా పడేది కాదు. కొత్త పెట్టె ఇప్పిస్తాను, ఇది పారేయి అక్కా అని ఒకసారి అన్నాను. ఆమె దాని మీది దుమ్ము కొంగుతో తుడిచింది.

“ఉండనీ తమ్ముడూ. సముద్రం దాటాల్సిన పెట్టె. ఈ కాలవ దాటి నిలిచిపోయినాది.”